కాగితం ఆపుతుంది సరే, ఊపిరితిత్తుల్లో కాగితం ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

గత సోమవారం మీ పత్రిక చదువుల పేజీలో ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్ ముఖ్య ప్రశ్నలు వేశారు. అందులో ఒక ప్రశ్న ‘ఆల్ఫా కణాలు ప్రమాదకరమా?’ అని. కిందే జవాబు: ‘కావు. వాటికి చొచ్చుకుపోయే శక్తి చాలా తక్కువ. కాగితం ముక్క వాటిని ఆపేస్తుంది.’ మా మనవరాలు దాన్ని కత్తిరించి నోట్సులో అంటించుకుంది. ‘సగమే రాశారు బిడ్డా, మిగతా సగం నేను చెప్తా’ అంటే, ‘అమ్మమ్మా, మా కాలేజీ మెటీరియల్ల గూడ గిదే ఉంది. ఇట్లనే రాయాలె, లేకుంటే మార్కు పోతది’ అంది. మార్కుల సంగతి నాకు తెలియదు. యురేనియం లాంటి పదార్థాల పరమాణు కేంద్రకాల్లోంచి వాటంతట అవే ఎగిరివచ్చే ఈ ఆల్ఫా కణాలతో మాత్రం ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేశాను. ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను శాస్త్రవేత్తను కాను. బీఎస్సీ చదివి, ఈ నగరంలోనే ఒక యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరి అక్కడే రిటైరయ్యాను. పీహెచ్‌డీ పిల్లలు వచ్చేవారు, పోయేవారు. వాక్యూమ్ పంపు, డిటెక్టర్లు, రేడియేషన్ ఇచ్చే సోర్సులు పెట్టే సీసపు పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉండేవి. చేరిన కొత్తలో ‘మీ దగ్గర ఏం పని’ అని మా అమ్మ అడిగితే ‘ఆల్ఫా క్షయం మీద’ అన్నాను, కేంద్రకం ఆల్ఫాను వదిలి మరో పదార్థంగా మారడాన్ని అలా అంటారు. ‘క్షయ ఉన్నచోట ఆడపిల్లకు ఉద్యోగమేంటే’ అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తెలుగులో ఆ మాట పెట్టినవారికి అమ్మలు గుర్తు రాలేదేమో.

కాగితం ఆపుతుందన్నది అబద్ధమేమీ కాదు. నా కళ్ళతో వందలసార్లు చూశాను. మా దగ్గరున్న అమెరీషియం-241 సోర్సు చొక్కా గుండీ అంత బిళ్ళ. కొన్ని రకాల పొగ అలారాల్లో వాడేదీ ఈ పదార్థమే. దాని అర్ధజీవితకాలం, అంటే అందులో సగం పరమాణువులు మారిపోవడానికి పట్టే కాలం, 432 ఏళ్లు. నేను రిటైరయ్యాను కానీ అది ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆ బిళ్ళను డిటెక్టరుకు ఎదురుగా పెట్టి, స్క్రూ తిప్పుతూ ఒక్కో మిల్లీమీటరు దూరం జరిపేవాళ్లం. కౌంటర్‌లో అంకెలు నెమ్మదిగా తగ్గుతూ వచ్చేవి. నాలుగు సెంటీమీటర్లు దాటీదాటగానే, ఎవరో స్విచ్ ఆపేసినట్టు సున్నా. మధ్యలో కాగితం కూడా లేదు, గాలే ఆపేసింది. మొదటిసారి చూసిన ప్రతి పిల్లాడూ డిటెక్టరు పాడైందనుకునేవాడు.

కానీ ఎందుకు ఆగింది? ఓపిక లేక కాదు. ఆ బిళ్ళలోంచి వచ్చే ఆల్ఫా కణం సెకనుకు సుమారు 16 వేల కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. దాని చేతిలో 55 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల లోకంలో శక్తిని కొలిచే చిన్న కొలత) శక్తి ఉంటుంది. గాలిలో ఒక అణువు నుంచి ఎలక్ట్రానును ఊడగొట్టడానికి సగటున 35 చాలు. అంటే ఆ నాలుగు సెంటీమీటర్ల దారిలో లక్షన్నర అణువులను చెదరగొట్టి, ఉన్నదంతా ఖర్చుపెట్టి కూలబడుతుంది. ఒకటో తారీఖు జీతం ఒకటో తారీఖునే ఖర్చుచేసే మనిషి లాంటిది. మన ఒంట్లో అయితే దాని దారి వెంట్రుక మందం కూడా ఉండదు. చర్మం పైపొర ఎలాగూ చచ్చిన కణాలే కాబట్టి అక్కడ ఖర్చు పెట్టినా నష్టం లేదు. ఊపిరితిత్తుల లోపల ఆ చచ్చిన పొర లేదు. అక్కడ మొత్తం ఖర్చు నాలుగైదు బతికున్న కణాల మీదే పడుతుంది.

కొత్తగా చేరిన ఒక స్కాలర్ ఒకసారి ఆ బిళ్ళను చిమటాతో కాకుండా వేళ్లతో తీసి పెట్టెలో పెట్టి, చేయి కడుక్కోకుండా మిర్చి బజ్జీ పొట్లం విప్పాడు. నేను చేతిమీద ఒక్కటి వేశాను. ‘కాగితం ఆపేస్తుంది కదా మేడమ్’ అన్నాడు. ‘బజ్జీ కట్టిన కాగితం బయటే ఉంటుంది నాయనా, బజ్జీ లోపలికి పోతుంది’ అన్నాను. ఆ బిళ్ళ సీలు చేసినదే, వాడికి ఏమీ కాలేదు. తర్వాత చాలా మంచి థీసిస్ రాశాడు కూడా. కానీ వాడు చెప్పిన జవాబూ మీ పేజీలో వచ్చిన జవాబూ ఒకటే కాబట్టి గుర్తుచేస్తున్నాను. 2006 లో లండన్‌లో లిత్వినెంకో అనే మాజీ రష్యా గూఢచారి పొలోనియం-210 కలిపిన టీ తాగి మూడు వారాల్లో చనిపోయాడు. అదీ ఆల్ఫా ఇచ్చే పదార్థమే. ఒంటి నుంచి బయటికి దాదాపు ఏమీ రాదు కాబట్టే ఆసుపత్రి వాళ్లకు అసలు కారణం చివరిదాకా అంతుచిక్కలేదు. ‘చొచ్చుకుపోయే శక్తి తక్కువ’ అంటే అర్థం ఇది కూడా.

ఇక రెండో అర్ధసత్యం. మీ పేజీ వచ్చిన వారమే మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. వంటగది గ్రానైట్ బండలోంచి రేడియేషన్ వస్తుందట, వెంటనే పీకించేయాలట. మూడో అంతస్తు అమ్మాయి పైకి వచ్చి ‘ఆంటీ, మేస్త్రీని అడిగాం, ముప్పై వేలు అంటున్నాడు, తీయించేద్దామా’ అంది. పాపం, నిజంగానే టెన్షన్ పడుతోంది. ఒకరేమో ఏమీ కాదంటారు, ఇంకొకరు ఇల్లు పడగొట్టమంటారు.

హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ మీద. మౌలాలి గుట్ట అయినా, జూబ్లీహిల్స్‌లో బ్లాస్టింగ్‌కి మిగిలిన నాలుగు బండలైనా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. అలాంటి రాతిలో టన్నుకు కొన్ని గ్రాముల యురేనియం, అంతకంటే కాస్త ఎక్కువ థోరియం ఉండటం మామూలే. యురేనియం మెల్లగా మారుతూ మారుతూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. అర్ధజీవితకాలం 3.8 రోజులు. రాతిలోంచి, మట్టిలోంచి బయటపడి గాలిలో కలవడానికి ఆ వ్యవధి చాలు. రేడాన్ విరిగితే పుట్టే దాని పిల్లలైన పొలోనియం-218, పొలోనియం-214 దుమ్ముకు అంటుకుని మనం పీల్చే గాలితో లోపలికి పోతాయి, అక్కడ ఆల్ఫాలు వదులుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్యమైన కారణాల్లో రేడాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. ఇంట్లో ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్ దాటకుండా చూసుకోమని 2009 లో చెప్పింది. ఒక బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విరగడం.

అయితే ఇంట్లోకి వచ్చే రేడాన్‌లో పెద్ద వాటా కింది నేలలోంచి, నేలలోని పగుళ్ల గుండా వచ్చేదే. మూడో అంతస్తులో రెండు అడుగుల వంటగట్టు నుంచి వచ్చేది దాని ముందు లెక్కలోకి రాదు. అందుకే ఆ అమ్మాయికి చెప్పాను: ‘మేస్త్రీకి ముప్పై వేలు వద్దమ్మా. రాత్రంతా ఏసీ వేసుకుని కిటికీలు బిగించి పడుకుంటున్నారు కదా, పొద్దున లేవగానే అన్నీ తెరువు. నేలంతస్తు వాళ్లు మాత్రం ఫ్లోరింగ్ పగుళ్లు పూడ్పించుకుంటే మంచిది.’ ఆమె కిందికి వెళ్లి గ్రూపులో ‘ఆంటీ ఓకే అన్నారు’ అని రాసింది. అది నేను చెప్పినదాంట్లో పావు వంతు.

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పడం లేదు. రేడాన్ కొలిచే పనిలో పదేళ్లు ఉన్నాను. ఎల్‌ఆర్-115 అని, ఆల్ఫా తగిలినచోట గాటు పడే ఒక ఫిల్మ్ ఉంటుంది, ఎర్రగా, జెలటిన్ కాగితంలా. చిన్న ముక్కలు కోసి ప్లాస్టిక్ కప్పుల్లో పెట్టి ఇళ్లల్లో వేలాడదీసేవాళ్లం. మూడు నెలల తర్వాత వెళ్లి తెచ్చుకోవాలి. పాతబస్తీలో ఒక ముసలమ్మ ‘ఇది దిష్టికా బిడ్డా’ అని అడిగింది. కాదని చెప్పినా వదలకుండా పక్కనే నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. మరో ఇంట్లో పండక్కి సున్నం వేస్తూ కప్పుకూ ఫిల్మ్‌కూ కలిపి వేసేశారు. మూడు నెలల డేటా పోయింది. స్కాలర్ ఏడ్చినంత పని చేశాడు.

తెచ్చిన ఫిల్మ్‌ను 60 డిగ్రీల వేడిలో కాస్టిక్ సోడా నీళ్లలో గంటన్నర ఉంచాలి. ఆ నీళ్లు ఎర్రబారి, ఫిల్మ్ పలచబడుతుంది. కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రటి తెరమీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, సూదితో పొడిచినట్టు. కొన్ని గుండ్రంగా ఉంటాయి, అవి నేరుగా వచ్చి తగిలినవి. కొన్ని కన్నీటి బొట్టులా సాగి ఉంటాయి, అవి ఏటవాలుగా వచ్చినవి. ఒక్కో చుక్క ఒక్కో ఆల్ఫా కణం. ఆ ఇంట్లో ఎవరో నిద్రపోతున్న ఏదో ఒక రాత్రి, ఒక పరమాణువు విరిగిన గుర్తు. నేను బాల్‌పెన్నుతో నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా వేసుకుంటూ లెక్కపెట్టేదాన్ని. కిటికీలు లేని గదుల ఫిల్మ్‌లు లెక్కపెట్టడానికి ఎక్కువ టైం పట్టేది. రేడాన్ తగ్గడానికి ఇంట్లో గాలి ఆడటం ఎందుకు ముఖ్యమో ఆ చుక్కలే చెప్పాయి.

‘చొచ్చుకుపోయే శక్తి తక్కువ’ అన్న మాటతో నాకు ఇంకో తగాదా ఉంది. కాగితాన్ని దాటలేని ఆ కణం, దాటకూడని గోడను దాటే బయటికి వస్తుంది. కేంద్రకం చుట్టూ ఉన్న విద్యుత్ గోడ యురేనియంలో సుమారు రెండున్నర కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా ఎత్తు. బయటికొచ్చే ఆల్ఫా దగ్గర 42 లక్షలే ఉంటాయి. అంత ఎత్తు ఎక్కే శక్తి లేదు, అయినా బయట ఉంది. ఇదేంటని పెద్దలంతా తల పట్టుకుంటే, 1928 లో ఇరవై నాలుగేళ్ల సోవియట్ శాస్త్రవేత్త గామోవ్ లెక్క వేసి చూపించాడు. అదే ఏడాది అమెరికాలో గర్నీ, కాండన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడిగా అదే చెప్పారు. ఎక్కి దాటదు, గోడ గుండానే బయటపడే చిన్న అవకాశం ఉంది, దాని పేరు టన్నెలింగ్. లోపల ఆల్ఫా సెకనుకు సుమారు కోటి కోటి కోటి సార్లు గోడకు కొట్టుకుంటుంది. అయినా యురేనియం-238 లో సగం పరమాణువులు ఆల్ఫాను బయటపడేయడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. భూమి పుట్టినప్పుడున్న ఆ యురేనియంలో ఇంకా సగం దాకా మన కాళ్ల కింద ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క థోరియానిది. థోరియం-232 ఇచ్చే ఆల్ఫా శక్తి 40 లక్షలు, అర్ధజీవితకాలం 1,400 కోట్ల ఏళ్లు. అదే వంశంలో చివర్లో పుట్టే పొలోనియం-212 ఇచ్చేదాని శక్తి 88 లక్షలు, అర్ధజీవితకాలం సెకనులో పదిలక్షల వంతు కూడా కాదు. శక్తి రెండింతలకు కాస్త పైన, కాలం మాత్రం 1 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని రెట్లు తేడా. శక్తికీ కాలానికీ ఈ సంబంధం ఉందని గైగర్, నట్టల్ అనే శాస్త్రవేత్తలు 1911 లోనే కొలిచి చెప్పారు. ఎందుకో తెలియడానికి పదిహేడేళ్లు పట్టింది. మా విభాగంలో థియరీ వాళ్ల గది పక్కనే మా ల్యాబ్. వాళ్లకు సుద్దముక్క, టీ. మాకు పంపు ఆయిల్ మరకలు. ఆ గదిలోకి ఎప్పుడు వెళ్లినా బోర్డు మీద ఇదే గోడ బొమ్మ ఉండేది. శక్తి లెక్కలో కాస్త తప్పు పడితే కాలం లెక్క వేల రెట్లు తప్పుతుందని గొడవపడేవాళ్లు. అప్పట్లో నాకు నవ్వొచ్చేది. జపాన్ వాళ్ల 113వ మూలకం సంగతి విన్నాక నవ్వు ఆగింది. వాళ్లు బిస్మత్ రేకు మీద జింక్ కేంద్రకాలను ఏళ్ల తరబడి విసిరారు. 2004 లో ఒక పరమాణువు, 2005 లో ఒకటి, మళ్లీ 2012 లో ఒకటి. మొత్తం మూడు. ఆ మూడూ పుట్టాయని తెలిసింది అవి వరసగా వదిలిన ఆల్ఫాల శక్తినీ సమయాన్నీ బట్టే. అలాంటి చోట ఎంత శక్తితో విసరాలి, ఎంతసేపు కాచుకోవాలి అన్నది ముందు ఎవరో బోర్డు మీద లెక్క వేసి ఉండాలి.

మా ల్యాబ్ పిల్లలు చేసినవి అంత పెద్దవి కావు, కానీ అదే బాట. హైదరాబాద్‌లో మాకు కణాలకు వేగం పెంచే యంత్రం, యాక్సిలరేటర్, లేదు. ఆల్ఫా కిరణపుంజం కావాలంటే కోల్‌కతాలో సైక్లోట్రాన్ అనే యాక్సిలరేటర్ దగ్గరికి వెళ్లాలి. దాన్ని వాడుకోవడానికి మనకిచ్చే సమయం, బీమ్ టైమ్, మూడు రోజులు దొరికితే గొప్ప. నా పని ఆ ఆల్ఫాలతో కొట్టే పలచటి లోహపు రేకులు తయారుచేయడం. వాక్యూమ్‌లో లోహాన్ని కాచి, ఉప్పు పూసిన గాజు పలక మీదికి ఆవిరి పట్టించాలి. తర్వాత పలకను నీళ్లలోకి ఏటవాలుగా మెల్లగా దించితే ఉప్పు కరిగి రేకు పైకి తేలుతుంది. ఫ్యాను ఆపేసి, ఊపిరి బిగబట్టి, చిన్న అల్యూమినియం ఫ్రేముతో దాన్ని ఎత్తుకోవాలి. చార్మినార్ దగ్గర మిఠాయిలకు వేసే వరక్ కొట్టే ముసలాయన్ని ఒకసారి చూశాను, తోలు పుస్తకంలో వెండి పెట్టి పొద్దస్తమానం సుత్తితో కొడుతున్నాడు. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ శిష్యులు ఆల్ఫాలు కొట్టి చూసిన బంగారు రేకు కూడా అలాంటిదే. వేలల్లో ఒక కణం వెనక్కి తిరిగి వచ్చింది, దాంతో 1911 లో కేంద్రకం బయటపడింది. ఆ రేకు తయారు చేసిన చేతుల గురించి ఏ పుస్తకంలోనూ లేదు, నాకేమీ బాధ లేదు.

అలా చేసిన రేకుల పెట్టెను ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్లేవారు. రేకులను దొంతరగా పేర్చి ఆల్ఫాలతో కొడితే, కేంద్రకం ఆల్ఫాను మింగి ఒకటో రెండో మూడో న్యూట్రాన్లను ఉమ్మేసి కొత్త పదార్థం అవుతుంది. ఎంత శక్తి దగ్గర ఎన్ని ఉమ్ముతుందన్నదే ప్రయోగం. ఆల్ఫాలతో బెరీలియంను కొట్టించే ఇంగ్లండ్ శాస్త్రవేత్త చాడ్విక్ 1932 లో న్యూట్రాన్‌ను పట్టుకున్నాడు. ఆయన దగ్గర లివర్‌పూల్‌లో పనిచేసి వచ్చిన మన గోదావరి జిల్లా సన్యాసి స్వామి జ్ఞానానంద, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ల్యాబ్ పెట్టారు. మా పిల్లలు ఇది విని నమ్మేవారు కారు.

ఇదంతా ఎందుకు కొలవాలి అని మా ఇంటికొచ్చే చుట్టాలు అడుగుతారు. ఒక్కటి చెప్తాను. బిస్మత్‌ను ఆల్ఫాలతో కొడితే రెండు న్యూట్రాన్లు పోయి ఆస్టటిన్-211 వస్తుంది. అర్ధజీవితకాలం 7 గంటల చిల్లర. దాన్ని క్యాన్సర్ కణాలకు అంటుకునే మందుకు తగిలించి పంపాలని ప్రయోగాలు జరుగుతున్నాయి. రేడియం-223 అయితే ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు 2013 నుంచి అమెరికాలో అనుమతి ఉన్న మందు. కాగితం దాటలేకపోవడం ఇక్కడ వరమైంది. పక్కనున్న మంచి కణాల దాకా పోకుండా, వెంట్రుక మందంలోనే తన పని ముగిస్తుంది.

కాబట్టి ఆ ప్రశ్నకు జవాబును కింది విధంగా సవరించి వేయమని కోరుతున్నాను: ‘ఆల్ఫా కణాలు శరీరం బయట ఉంటే చర్మమే ఆపుతుంది కాబట్టి ప్రమాదం చాలా తక్కువ. వాటిని ఇచ్చే పదార్థం గాలి ద్వారా గానీ, తిండి ద్వారా గానీ, గాయం ద్వారా గానీ లోపలికి పోతే చాలా ప్రమాదకరం.’ రెండే వాక్యాలు, మీ పేజీలో చోటు సరిపోతుంది. ప్రీఫైనల్ పరీక్షలు దగ్గరపడ్డాయి, కాస్త తొందరగా వేస్తే మా మనవరాలు పాతది పీకి కొత్తది అంటించుకుంటానంటోంది. పేపర్లో పడితేనే, నేను చెప్తే కాదు.

సున్నం పడిన ఆ ఎర్ర ఫిల్మ్ ముక్క ఇంకా నా కుట్టుమిషను డ్రాయర్లో ఉంది. అంచున సున్నం తగలని చోట పదకొండు చుక్కలున్నాయి. మీ చదువుల పేజీ వారు ఫొటో వేయాలనుకుంటే ఇస్తాను, వాడుకున్నాక తిరిగి పంపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్,
రామంతాపూర్, హైదరాబాద్.